నెక్కొండ పులి, పాలపిట్ట, చేతి వణుకు

వరంగల్ నుంచి డోర్నకల్ వైపు వెళ్లే రైలు మార్గంలో నెక్కొండ, ఇంటికన్నె దాటాక కేసముద్రం వస్తుంది. మక్కలు, మిర్చి, పసుపు అమ్ముకునే మార్కెట్ యార్డు ఉన్న ఊరుగానే చుట్టుపక్కల రైతులకు అది తెలుసు. పాత వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఉత్తరాన గూడూరు, ఆపైన కొత్తగూడ, పాకాల అడవులు. ఈ రైలు మార్గానికి మన దేశపు ఫోటోల చరిత్రలో ఒక చోటుంది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు నెక్కొండ దగ్గర పులివేటకు విడిది చేశాడు. ఆ సందర్భంలో రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఫోటో ఒకటి నేటికీ బ్రిటిష్ పాలన మీద వచ్చే పుస్తకాల్లో కనబడుతూనే ఉంటుంది. నేల మీద చచ్చిన పులి, వెనక కర్జన్, పక్కన ఆయన భార్య మేరీ. షట్టర్ తెరిచి మూసేదాకా కదలదన్న పూచీ అందులో పులి ఒక్కదానికే ఉంది.

అడవి జంతువుల ఫోటోల చరిత్రను మామూలుగా కెమెరాల చరిత్రగానో, పేరున్న ఫోటోగ్రాఫర్ల చరిత్రగానో రాస్తుంటారు. దాన్ని మరో కోణం నుంచి చదివితే ఎక్కువ సంగతులు తెలుస్తాయని నా వాదన. బొమ్మ స్పష్టంగా పడాలంటే ఏదో ఒకటి కదలకుండా ఉండాలి: జంతువైనా, కెమెరా అయినా, కెమెరా పట్టిన చేయి అయినా. ఆ భారాన్ని ఏ కాలంలో ఎవరి మీద వేశారన్నదే అసలు చరిత్ర. మొదట దాన్ని జంతువు మీద వేశారు, ప్రాణం తీసి మరీ. తర్వాత మూడు కాళ్ల స్టాండు మీద, దాన్ని మోసే మనుషుల మీద వేశారు. ఇప్పుడు, ఈ ముప్ఫై ఏళ్లలో, అది గాజుకూ అయస్కాంతాలకూ బదిలీ అయింది. జేబులో ఫోన్ ఉన్న ఎవరైనా, చేతి వణుకును సరిదిద్దే ఒక కుదురైన దుర్భిణి వెనక ఆ ఫోన్ పెట్టి దూరంగా కూర్చున్న పిట్టను ఫోటో తీయగలుగుతున్నారంటే, అది ఆ బదిలీ ఫలితమే. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, ఈ ప్రాంతం గతాన్ని ముందు పెట్టుకుని చూస్తే చాలా పెద్ద మార్పు.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో కొలువు చేస్తూ కెమెరా పట్టారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి చేరారు. భవనాలు, దర్బార్లు, సైనిక విన్యాసాలు, సంస్థానాధీశుల ముఖాలు ఆయన పలకల మీదికెక్కాయి. అప్పటి పని తీరును ఒకసారి దగ్గరగా చూడాలి. చెక్క పెట్టె లాంటి కెమెరా, ఇత్తడి గొట్టంలో బిగించిన లెన్స్, మూడు కాళ్ల స్టాండు. ఫోటోగ్రాఫర్ తల మీద నల్ల గుడ్డ కప్పుకుని వెనకనున్న మసక గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి ఫోకస్ కుదుర్చుకోవాలి. ఆ గాజు తీసి, మందు పూసిన గాజు పలకను చీకటి డబ్బాతో సహా ఆ చోట అమర్చాలి. అంటే ఫోటో పడే క్షణంలో ఆయనకు కెమెరా లోంచి ఏమీ కనబడదు. దర్బారులో కూర్చున్నవారు ఆయన చెప్పినంతసేపు ఊపిరి బిగబట్టగలరు. పొదలోంచి దూకే పులికి ఆ మాట చెప్పేదెవరు? 1889లో రైలు బెజవాడ దాకా సాగాక ఈ బరువంతా నెక్కొండ దాకా సులువుగా వచ్చి ఉంటుంది. స్టేషన్ నుంచి అడవి లోపలికి మోసింది మాత్రం మనుషులే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. 1880ల నాటికే పొడి పలకలు వచ్చాయి, సెకనులో చిన్న భాగంలో బొమ్మ పట్టడం సాధ్యమైంది. 1878లోనే ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస ఫోటోల్లో పట్టాడు. ఇంగ్లండ్‌లో కియర్టన్ సోదరులు 1890ల నుంచే పిట్ట గూళ్లను, గూటికొచ్చే పిట్టలను ఫోటోలు తీశారు. కాబట్టి నెక్కొండ ఫోటోలో పులి చచ్చి ఉండడానికి కెమెరా కారణం కాదు, చంపడమే గొప్పనుకున్న దొరతనం కారణం అని ఎవరైనా అనవచ్చు. అందులో సగం నిజముంది. వైస్రాయ్ కోరింది పులి బొమ్మ కాదు, పులిని గెలిచిన తన బొమ్మ. అయితే కియర్టన్ సోదరులకు కుదిరిన పద్ధతి ఏమిటో కూడా చూడాలి. వాళ్లు గూటి దగ్గర పొంచి ఉండి, తిరిగి తిరిగి అదే చోటికి వచ్చే పిట్ట కోసం గంటల తరబడి కాచుకున్నారు. మైబ్రిడ్జ్ గుర్రం ఎండలో, తెల్లటి తెర ముందు, గీసిన దారిలో పరుగెత్తింది. టేకు, మద్ది నీడలో, ఎటు నుంచి వస్తుందో తెలియని జంతువును, అప్పటి లెన్సులతో దూరం నుంచి పట్టడం వేరే సంగతి. బొమ్మ పెద్దగా కావాలంటే లెన్స్ పొడుగవాలి. లెన్స్ పొడుగైన కొద్దీ వెలుతురు తగ్గుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరచి ఉంచాలి, ఆ వ్యవధిలో చిన్న కుదుపు కూడా బొమ్మను అలికేస్తుంది. దొరతనం కోరికా సాధనం పరిమితీ ఒకే దిక్కుకు తోశాయి. అందుకే ఆ ఆచారం అంత కాలం నిలిచింది. ఒక్క అహంకారం మీదే నిలిచిన ఆచారమైతే ఫ్యాషన్ మారగానే పోయేది.

ఆ నిశ్చలత్వానికి పులి ఒక్కటే మూల్యం చెల్లించలేదు. పెద్దల వేటంటే జనం వరుస కట్టి, డప్పులు కొట్టి, కేకలు వేస్తూ జంతువును తుపాకీ ముందుకు తోలుకురావాలి. నిజాం కాలపు తెలంగాణలో దొరలకూ అధికారులకూ ఊళ్లు చేసిన వెట్టిలో ఈ పనీ ఉండేది. ఫోటోలో కనబడని ఆ మనుషులు కూడా ఈ చరిత్రలో భాగమే. పులి ఫోటోకు కావలసిన కదలిక వాళ్లది, నిశ్చలత్వం పులిది, బొమ్మ మాత్రం దొరది.

తుపాకీతో జంతువును నిలిపి చూడడం వేట సరదా ఉన్నవారికే పరిమితం కాదు, శాస్త్రానిదీ అదే దారి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఈ నేల పిట్టల గురించి మనకున్న గట్టి జ్ఞానానికి పునాది అదే. ఆనాటి పద్ధతి ప్రకారం పిట్టను కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి, చీటీ కట్టి పెట్టెలో దాచాలి. ఆకుల మధ్య ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే పిట్ట రెక్క కొలతను, ముక్కు రంగును చేతిలోకి తీసుకోకుండా రాయడం అప్పుడు కుదిరేది కాదు. సలీం అలీని ఇవాళ్టి కళ్లతో తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ చర్మాలే తర్వాతి తరాలకు బతికున్న పిట్టను దూరం నుంచే గుర్తుపట్టే పుస్తకాలయ్యాయి. దాదాపు అదే కాలంలో ఉత్తరాదిన అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ మరో దారి తొక్కాడు. పులి నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే కెమెరా దానంతటదే పనిచేసేలా, చీకట్లో వెలుగు భగ్గుమనేలా అమర్చాడు. 1927లో వచ్చిన ఆయన పుస్తకం ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్-లాండ్’ తుపాకీ లేకుండా కూడా పులిని తెచ్చి చూపవచ్చని నిరూపించింది. చాంపియన్ కెమెరాను చెట్టుకు కట్టేశాడు, పులిని దాని దారిన వదిలేశాడు. కదలకుండా ఉండే భారం జంతువు నుంచి సాధనానికి మారింది. ఇవాళ పులుల లెక్కకు అడవుల్లో పెట్టే కెమెరా ట్రాపులు ఆ వంశంలోవే.

పాకాల చెరువు కాకతీయుల కాలపుది, అడవి అంతకంటే పాతది. 1952లో పాకాలను అభయారణ్యంగా ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట చట్టవిరుద్ధమైంది కదా, ఇక కెమెరాకు దారి తెరుచుకున్నట్టేనని అనుకోవచ్చు. కానీ చాలాకాలం పాటు ఆ దారిలో నడవగలిగినవారు కొద్దిమందే. పొడుగు లెన్స్ విదేశాల నుంచి రావాలి, రీళ్లు కొనాలి, కడిగించాలి, బరువైన ట్రైపాడ్ మోయాలి. 1980లో హైదరాబాద్‌లో పక్షి వీక్షకుల సంఘం ఏర్పడ్డాక పిట్టలను చూసేవారు పెరిగారు గానీ, వారిలోనూ చాలామంది చేతిలో ఉన్నది దుర్భిణీ నోటుపుస్తకమే. కేసముద్రం లాంటి ఊళ్లో కెమెరా అంటే స్టూడియో కెమెరాయే, పెళ్లిళ్లకూ పాస్‌పోర్టు ఫోటోలకూ. గూడూరు అడవి అంచున పొలమున్న రైతు రోజూ చూసే జంతువు ఫోటో తీసే సాధనం ఆయన దగ్గర లేదు. సాధనం ఉన్నవాడికి ఆ జంతువు కనిపించేది ఎప్పుడో ఏడాదికొకసారి.

ఈ అడ్డంకి అటవీ శాఖ గదుల్లో తొలగలేదు, జపాన్ ప్రయోగశాలల్లో తొలగింది. మనిషి చేయి ఎంత బిగపట్టినా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. అది కండరాల స్వభావం, అలవాటుతో పోయేది కాదు. అందుకే ఫోటోగ్రాఫర్లు ఒక మోటు లెక్క పెట్టుకున్నారు: 300 మిల్లీమీటర్ల లెన్స్ చేతపట్టి తీయాలంటే షట్టర్ సెకనులో మూడువందలో వంతుకు మించి తెరచి ఉండకూడదు. అంత వేగానికి సరిపడే వెలుతురు పొద్దున్నే చెరువు గట్టున గానీ సాయంత్రం అడవి నీడలో గానీ దొరకదు, జంతువులు బయటికొచ్చేదేమో ఆ వేళల్లోనే. కారు నావిగేషన్ కోసం తయారవుతున్న సన్నని జైరోస్కోపును వీడియో కెమెరాలో పెట్టి పానాసోనిక్ 1988లో చేతి వణుకును సరిదిద్దే కెమెరా తెచ్చింది. 1995లో కానన్ ఎస్ఎల్ఆర్ కెమెరాల కోసం 75-300 మి.మీ. లెన్సును స్థిరీకరణతో అమ్మకానికి పెట్టింది. ఆ లెన్స్ లోపల ఒక గాజుల గుంపు, చేయి కుడికి ఒరిగితే బొమ్మ చెదరకుండా అయస్కాంతాల బలంతో తాను ఎదురు కదులుతుంది. షట్టర్ నాలుగు రెట్లు ఎక్కువసేపు తెరిచినా బొమ్మ నిలిచేది. అదే ఏడాది అదే కంపెనీ దుర్భిణిలోనూ ఈ పద్ధతి పెట్టింది. రెండు గాజు బిళ్లల మధ్య పారదర్శక ద్రవం నింపి, చుట్టూ మడతల సంచీ లాంటిది అమర్చి, బిళ్లల కోణాన్ని వణుకుకు తగ్గట్టు మార్చడం ఆ పద్ధతి. 2012లో నోకియా లూమియా 920తో ఇది ఫోన్ లెన్సులోకీ చేరింది.

అయితే ఫోన్‌లోనే స్థిరీకరణ ఉంటే ముందు మళ్లీ కుదురైన దుర్భిణి ఎందుకు? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫోన్ ప్రధాన లెన్స్ సుమారు 26 మిల్లీమీటర్లకు సమానం. పది రెట్ల దుర్భిణి వెనక దాన్ని పెడితే అది 260 మిల్లీమీటర్ల లెన్సవుతుంది. పిట్ట పది రెట్లు పెద్దదైనట్టే, చేతి వణుకూ పది రెట్లు పెద్దదవుతుంది. ఫోన్‌లోని జైరో మాత్రం తన 26 మిల్లీమీటర్ల లెక్కలోనే సరిదిద్దుతుంది, ముందున్న గాజు పెంచి పంపిన మిగతా తొమ్మిది వంతులు దానికి తెలియవు. కాబట్టి వణుకును పెంచే చోటే, అంటే దుర్భిణిలోనే, దాన్ని అణచాలి. తర్వాత మిగిలిన కొంచెం ఫోన్ చూసుకుంటుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. దుర్భిణి వెనక గాజు నుంచి వచ్చే వెలుగు కొద్ది మిల్లీమీటర్ల అవతల ఒక చిన్న గుండ్రటి చుక్కగా కూడుతుంది. ఫోన్ లెన్స్ సరిగ్గా అక్కడ ఉండాలి. పక్కకు జరిగితే బొమ్మకు ఒక వైపు నలుపు పడుతుంది, దూరమైతే చుట్టూ నల్ల వలయం వస్తుంది. అందుకే ఫోన్‌ను దుర్భిణికి బిగించే పట్టీ వాడతారు. ఒక చేత్తో ఫోన్, మరో చేత్తో దుర్భిణి పట్టుకుంటే రెండు వణుకులు ఒకదానికొకటి తోడవుతాయి. టెలిస్కోపు వెనక చిన్న డిజిటల్ కెమెరా పెట్టి పిట్టలను తీసే పద్ధతికి 1999లో మలేషియా పక్షి వీక్షకుడు లారెన్స్ పో ఊపు తెచ్చారు. ఇప్పుడు జరుగుతున్నది దాని కొనసాగింపే. తేడా ఏమిటంటే ఆయనకు ట్రైపాడ్ కావలసి వచ్చింది.

ఇదంతా కేసముద్రానికి ఎందుకు ముఖ్యమో దసరా ఆచారం చెబుతుంది. జమ్మి పూజ అయ్యాక ఊరి బయటికి వెళ్లి పాలపిట్టను చూసి రావడం తెలంగాణ పల్లెల్లో తరతరాల నుంచీ ఉంది. 2014లో కొత్త రాష్ట్రం పాలపిట్టను రాష్ట్ర పక్షిగా నిలుపుకుంది. ఈ ఆచారంలో ఉన్న అందం, మనిషి పిట్ట ఉన్న చోటికి వెళ్లడం. కరెంటు తీగ మీదో, చేను మధ్య ఎండుకొమ్మ మీదో పాలపిట్ట చాలాసేపు కదలకుండా కూర్చుని కింద పురుగుల కోసం చూస్తుంది. ఎగిరితేనే రెక్కల్లోని నీలం విచ్చుకుంటుంది. కానీ పట్టణాలు పెరిగి, పొలాలు దూరమై, తీరిక తగ్గాక కొన్నిచోట్ల ఆచారం తలకిందులైంది. పాలపిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపించడం మొదలైంది. చట్టం రక్షించే పక్షి కాబట్టి దసరా వచ్చిందంటే అటవీ శాఖ హెచ్చరికలు చేయాల్సి వస్తోంది, జంతుప్రేమికులు పంజరాలు విడిపించాల్సి వస్తోంది. నెక్కొండ ఫోటోకూ ఈ పంజరానికీ మధ్య నూరేళ్ల పైన దూరముంది, వైస్రాయ్‌కూ పంజరం మోసే పేదవాడికీ పోలికే లేదు. అయినా తర్కం ఒక్కటే: మనం దగ్గరగా, తీరిగ్గా చూడాలంటే ప్రాణి కదలకూడదు. ఆ తర్కాన్ని కాదనగలిగే సాధనం ఇప్పుడు చేతికి అందింది. కుదురైన దుర్భిణి వెనక ఫోన్ పెట్టి తీగ మీది పాలపిట్టను ఇంటిల్లిపాదికీ చూపించవచ్చు, నడవలేని ముసలివాళ్లకు కూడా. దానికి పిట్టను ముట్టుకోనక్కర్లేదు, దాని కొమ్మ దగ్గరికి పోనక్కర్లేదు.

తెరమీద చూస్తే దర్శనమవుతుందా అని సంప్రదాయవాదులు అడగవచ్చు. పంజరంలో చూస్తే అవుతుందా అన్నది దానికి ముందు అడగాల్సిన ప్రశ్న. నా దృష్టిలో ఊరి బయటికి నడిచి వెళ్లడమే ఆచారానికి ప్రాణం. దుర్భిణి ఆ నడకను మానిపించదు, చివరి ఇరవై గజాలను మాత్రమే మానిపిస్తుంది. పిట్ట బెదిరేది ఆ ఇరవై గజాల్లోనే.

దీనికంటే బలమైన అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది సాంకేతికమైనది: స్థిరీకరణ చేతి వణుకును ఆపుతుంది గానీ జంతువు కదలికను ఆపదు. నిజం. నీళ్లలోకి దూకే లకుముకిపిట్ట, పరుగెత్తే జింక ఇప్పటికీ అలికినట్టే పడతాయి. కానీ నా వాదనకు ఇది దెబ్బ కాదు, బలం. ఈ సాధనం ఉన్నవాడు జంతువు తనంతట తాను కుదురుగా ఉన్న క్షణం కోసం ఆగాలి. దాన్ని ఆపే శక్తి అతనికి లేదు, ఉండకూడదు కూడా. ఇదే వరుసలో కొందరు, ఫోన్‌లోని సాఫ్ట్‌వేరే బొమ్మను పదును చేస్తుంటే గాజు మీద ఖర్చెందుకని అడుగుతారు. 2023లో సామ్‌సంగ్ ఫోన్లు తీసే చందమామ ఫోటోల మీద రేగిన వివాదం గుర్తుంటే జవాబు తెలుస్తుంది. లెన్సులోకి రాని వివరాన్ని యంత్రం ఊహించి నింపితే అది చూడడానికి బాగుండవచ్చు, సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. పిట్టల విషయంలో సాక్ష్యం అవసరం ఇప్పుడు చాలా ఉంది. సామాన్య వీక్షకులు నమోదు చేసిన వివరాల ఆధారంగా 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక, ఎక్కడ చూసినా కనబడుతుందనుకున్న పాలపిట్ట కూడా తగ్గిపోతోందనీ, దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలనీ చెప్పింది. అలాంటి లెక్కలకు పేరున్న అభయారణ్యాల నుంచి వచ్చే నమోదులు చాలవు, కేసముద్రం మక్క చేల నుంచీ రావాలి.

రెండో అభ్యంతరం నన్ను నిజంగా ఆలోచనలో పడేస్తుంది. కెమెరా కొద్దిమంది చేతిలో ఉన్నప్పుడు అడవికి కొద్దిమందే వెళ్లారు. అందరి చేతికీ వస్తే అందరూ వెళ్తారు. గూళ్ల దగ్గర గుంపులు, జంతువు కనబడిన చోటును వెంటనే లోకానికి చాటడం, ఆ కబురు వేటగాళ్ల చెవిన పడడం, ఇవేవీ కల్పన కాదు. పాకాల, గూడూరు వైపు పులి అడుగుజాడలు కనబడ్డాయని వార్త వచ్చిందంటే ఈ భయం ఇంకా పెరుగుతుంది. అయితే ఈ హాని మూలం స్థిరమైన గాజులో లేదు, దగ్గరికి వెళ్లాలన్న తొందరలో ఉంది. వట్టి ఫోన్ పట్టుకున్నవాడే జంతువు మీదికి నడుస్తాడు, ఎందుకంటే అతని ఫోటోలో అది చుక్కలా పడుతుంది. దూరం నుంచి పని జరిగే సాధనమున్నవాడికి ఆ నడక అక్కర్లేదు. చట్టం కూడా ఈ గీతను చాలా ముందే గీసింది. 1972 చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. జంతువును తరమడం, ఎర వేయడం, పక్షుల గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. 2022 సవరణ అభయారణ్యంలో ఫోటోలు తీసేందుకు అనుమతి గురించి చెబుతూ, ఆవాసంలో మార్పు చేయకుండా, ప్రాణులకు హాని కలగకుండా అన్న షరతు చేర్చింది. కెమెరాతోనూ వేటాడవచ్చని చట్టం గుర్తించినట్టే.

ఈ షరతును బోర్డు మీద రాసి వదిలేస్తే చాలదు. స్థిరీకరణ ఉన్న దుర్భిణి ఖరీదు ఇప్పటికీ మామూలు కుటుంబానికి అందేది కాదు. ఒక్కొక్కరూ కొనాలంటే ఈ మాటంతా వృథా. కానీ పాకాల చెరువు దగ్గర రెండు, కేసముద్రం, గూడూరు, కొత్తగూడ మండలాల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో ఒక్కొక్కటి, ఏ ఫోన్‌కైనా సరిపోయే పట్టీతో సహా ఉంచడం జిల్లాకు మోయలేని ఖర్చు కాదు. ఆ బడులకు వచ్చే పిల్లల్లో అడవి అంచు తండాల నుంచి, కోయ గూడేల నుంచి వచ్చేవారున్నారు. వేటకు జంతువులను తోలిపెట్టిన ఊళ్ల మనవలకు ఈసారి దుర్భిణి ముందుగా అందాలి. దసరా సెలవులకు బడి మూసేముందు ఒక సాయంత్రం పిల్లలను చేల వైపు తీసుకెళ్లి, తీగ మీది పాలపిట్టను ఫోటో తీయించి, తేదీ, వేళ, ఊరు రాయించవచ్చు. ఏటా అలా రాయిస్తే పాలపిట్ట తమ ఊళ్లో తగ్గుతోందో లేదో ఆ బడి రిజిస్టరే చెబుతుంది.